ఏడో బురుజు పలుకు

కోనప్ప ఒజ్జగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముందు ఒక చాట పెట్టి, అందులో ఇంత చింతపండు పోసి, గింజలు తీయమనేవారు. వచ్చినవాడు రైతైనా సరే, రాజబంధువైనా సరే, ఆ మర్యాదలో తేడా ఉండేది కాదు. "చేతులు ఊరికే ఉన్నవాడు వినడు నాయనా, తరవాత ఏం అడగాలా అని వెతుక్కుంటూ ఉంటాడు" అనేవారు. కత్తీ కర్రా నేర్పే గురువును ఆ సీమలో ఒజ్జ అని పిలిచేవారు. కోనప్ప ఒజ్జగారి సాముశాల అంటే ఏటిగట్టు మీద రెండు తాటాకు పందిళ్లూ, మెత్తటి మట్టి పోసిన ఒక గోదా, అంతే. అయినా పాలకంచి సంస్థానంలో ఆయన చేతికింద దెబ్బలు తినని సరదారు లేడు. తమ వంటింట్లో గింజ ఉన్న చింతపండు చూసి ఎన్నేళ్లయిందో అని ఒజ్జగారి భార్య నవ్వుతుండేది.

ఒక మాఘమాసపు ఉదయం ఆ చాట ముందు కూర్చున్నవాడు ఓబుళపతి. పాలకంచి దండు మొత్తానికి పెద్ద, దళవాయి. చిన్నప్పుడు ఆ గోదాలోనే మోకాళ్లు చెక్కుకుపోయేలా సాము చేసినవాడు. ఇప్పుడు నలభై దాటాయి, మీసం నెరుస్తోంది. గుర్రం దిగి, తలపాగా తీసి పక్కన పెట్టి, కుశలప్రశ్నలు కూడా లేకుండా గుండెలో ఉన్నది కక్కేశాడు.

"ఒజ్జగారూ, దండును సగం చేశారు. పొరుగువాళ్లతో సంధి కుదిరింది కదా, ఇంకా ఇంతమందిని మేపడం దేనికన్నారు. సరే, రాజుగారి ఇష్టం. మనకు ఐదు కనుమలున్నాయి, ఇప్పుడు రెండింటికే మనుషులున్నారు. అది కూడా సర్దుకుంటాను. కానీ రేపు కొలువులో నేనొక పత్రం మీద చేవ్రాలు చేయాలట. ఐదు కనుమలూ మునుపటిలాగే కావలిలో ఉన్నాయని. నేను చేయనంటే నా బావమరిది చేస్తాడు. ఈ పదవి ఎప్పుడెప్పుడు దక్కుతుందా అని వాడు కాచుకుని కూర్చున్నాడు. వాడి చేతికిందికి పోతే ఉన్న సగంమంది బతుకులూ బుగ్గయిపోతాయి. మీరే చెప్పండి. సగం దండుతో ధర్మం పూర్తిగా నిలబెట్టడం ఎట్లా? ఏది వదులుకోవచ్చు, ఏది కూడదు?"

ఒజ్జగారు చాటలో మరో గుప్పెడు చింతపండు వేశారు. దళవాయి బుద్ధిగా గింజలు తీస్తున్నాడు. అప్పుడు ఒజ్జగారు తాను వయసులో ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పారు. ఆయన "నేను, నేను" అంటూనే చెప్పారుగానీ, ఇక్కడ కోనప్ప అనే చెప్పుకుందాం. ఇరవై నాలుగేళ్ల ఆ కుర్రబంటును ఒజ్జగారని పిలవడానికి నోరు రావడం లేదు.

నెమలిగుట్ట మీద ఆ రోజుల్లో ఒక కోట ఉండేది. పెద్ద కోటేం కాదు, ఎనిమిది బురుజులు. బురుజుకొక బంటు. ఆ కోటలో తరతరాలుగా ఒక ఆచారం ఉంది, దాన్ని చుట్టుపలుకు అనేవారు. సాయంత్రం పొద్దు గుంకి కోటతలుపులు వేయగానే, ద్వారం పక్కనున్న మొదటి బురుజు బంటు తన పేరుతో గట్టిగా పలుకుతాడు: "ఒకటో బురుజు, మస్తాను, భద్రం!" అది విని రెండో బురుజు పలుకుతుంది, తరవాత మూడోది, అట్లా గోడ వెంబడి ఎనిమిదీ తిరిగి మాట మళ్లీ ద్వారం దగ్గరికి వస్తుంది. మాట చుట్టి వచ్చేదాకా కిల్లేదారు, అంటే కోటకు పెద్ద, తలపాగా తీయడు, కంచం ముందు కూర్చోడు. దీనికొక్కటే కట్టుబాటు. ముందు బురుజు పలకకపోతే వెనక బురుజు పలకకూడదు. ఊపిరి బిగబట్టి నిలబడాలి. మాట ఎక్కడ తెగిందో అక్కడికి కోటంతా దివిటీలు పట్టుకుని పరుగెత్తాలి. ఆ కోటను ఎన్నోసార్లు కాపాడింది అరుపులు కావు, అట్లా తెగిన మాటే.

కోనప్ప ఐదో బురుజు బంటు. వాడికి కత్తి అంతంతమాత్రం, గొంతు మాత్రం దేవుడిచ్చింది. ఎవరి మాటనైనా రెండుసార్లు వింటే చాలు, అచ్చు గుద్దినట్టు దించేసేవాడు. వాడికి కత్తి పట్టడం నేర్పుతున్నవాడు ఏడో బురుజు హంపన్న. వరసకు ఏమీ కాకపోయినా కోనప్ప ఆయన్ను మామా అనేవాడు. ఏభై ఏళ్ల మనిషి, పలచగా పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. కోనప్ప వేషాలకు కోటంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే హంపన్న ఒక్కడూ, "గొంతు బాగుంది, మణికట్టు చూపించు" అనేవాడు.

ఆ ఏడు కూడా ఇట్లాగే సంధి కుదిరింది. ఇట్లాగే మనుషుల్ని సగం చేశారు. ఎనిమిదిమందిలో నలుగురు మూటాముల్లె సర్దుకుని గుట్ట దిగిపోయారు. కిల్లేదారు తిప్పన్న మంచివాడు, ఆ మాట మొదటే చెప్పుకోవాలి. రాజధానికి మూడుసార్లు వెళ్లి బతిమాలాడు. నలుగురితో ఎనిమిది బురుజులు కాయలేమని దివాను ముఖం మీదే చెప్పాడు. దివాను విన్నాడు, నవ్వాడు, "కాయలేకపోయినా ఫరవాలేదయ్యా, కాస్తున్నట్టు ఉంటే చాలు. కింద ఊళ్లలో జనం హడలిపోకూడదు" అన్నాడు. తిరిగి వస్తూ దారిపొడుగునా తిప్పన్న అదే ఆలోచించాడు. నిజమే కదా. గుట్టకింద నాలుగు ఊళ్లున్నాయి. ఎనిమిది పలుకులు విన్నాకే ఆడవాళ్లు తలుపులు వేసుకుని నిశ్చింతగా పడుకుంటారు. ఇక నాలుగే వినిపిస్తే? అడవిలో దారిదోపిడీగాళ్లకు చెవులు లేవా?

మర్నాడు నలుగురినీ పిలిచి అన్నాడు. "చుట్టుపలుకు ఎనిమిదీ వినపడాలి. ఒక్కొక్కడూ రెండేసి పలకాలి. రెండోది గొంతు మార్చి, వెళ్లిపోయినవాడి పేరుతో పలకండి. ఇది దొంగలకు చెప్పే అబద్ధంరా, మనకు మనం చెప్పుకునేది కాదు. రెండో బురుజు దాకా నడిచి, చూసి, అప్పుడే పలకాలి." చెబుతున్నంతసేపూ నేల చూపులే చూశాడు. అంత మంచివాడికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమైందో నలుగురికీ తెలిసింది. అందుకే ఎదురు చెప్పలేదు, ఒక్క హంపన్న తప్ప.

"దొరా, నడిచి చూసొస్తాను. రోజూ చూస్తాను. కానీ లేనివాడి పేరు నా నోట రాదు" అన్నాడు హంపన్న.

తిప్పన్నకు కోపం రాలేదు. ముఖం చిన్నబోయింది. హంపన్నకు రావలసిన ఎనిమిదో బురుజు పలుకును మస్తానుకు అప్పగించి ఊరుకున్నాడు. హంపన్న తన ఏడో బురుజు ఒక్కటే పలికేవాడు. కానీ అన్న మాట ప్రకారం ప్రతి సాయంత్రం ఎనిమిదో బురుజు దాకా గోడ మీద నడిచి, చూసి, తిరిగి తన చోటికి వచ్చి అప్పుడే నోరు తెరిచేవాడు. ఎనిమిదోది భద్రమని మస్తాను ద్వారం దగ్గర కూర్చుని అరిచేవాడు, దాన్ని కళ్లతో చూసి వచ్చేవాడు మాత్రం హంపన్న.

ఇక కోనప్ప సంగతి. వాడికి పండగే పండగ! ఐదోది తన పేరుతో, ఆరోది వెళ్లిపోయిన పుల్లన్న పేరుతో. పుల్లన్నకు 'భద్రం' అనేటప్పుడు చివర కొంచెం దగ్గు వచ్చేది. కోనప్ప ఆ దగ్గుతో సహా దించేవాడు. మిగతావాళ్లు "అబ్బ, ఏం పలికావురా, పుల్లన్న గుట్ట దిగలేదనుకుంటారు జనం!" అని వీపు చరిచేవారు. పదిరోజులు గడిచాక ఒక మధ్యాహ్నం పుల్లన్నే గుట్టెక్కి వచ్చాడు. ఇప్పుడు ఎవరి పొలంలోనో కూలికి పోతున్నాడు, కాళ్లకు బురద. తన గొంతు గురించి ఎగతాళి చేస్తాడేమో అని కోనప్ప నవ్వుతూ ఎదురెళ్లాడు. పుల్లన్న నవ్వలేదు.

"నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చున్నానురా. పైనుంచి నా పలుకు వినపడింది. మా ఆడది నా ముఖం చూసింది, నేను దాని ముఖం చూశాను. నన్ను పంపేశారు, బాగానే ఉంది. నా పేరెందుకు ఉంచుకున్నార్రా?"

పుల్లన్న జవాబు కోసం నిలబడలేదు, తిరిగి దిగిపోయాడు. ఆ సాయంత్రం కోనప్ప ఆరో బురుజు పలుకు దగ్గు లేకుండా పలికాడు. మర్నాటికి దగ్గు మళ్లీ చేరింది.

మొదటి నెల కోనప్ప ఆరో బురుజు దాకా నడిచి చూసొచ్చేవాడు. రెండో నెల, వానలు మొదలయ్యాక, సగం దూరం వెళ్లి తొంగిచూసి వచ్చేవాడు. ఆ తరవాత ఉన్నచోటనే నిలబడి ముఖం అటు తిప్పి అరిచేవాడు. మూడో బురుజువాడికి కింద ఊళ్లో చుట్టాలింట పెళ్లైతే, కోనప్ప మూడూ, నాలుగూ, ఐదూ, ఆరూ తానే పలికి గొంతు ఎండిపోయి నీళ్లు తాగాడు. అందులో దాచుకోవడానికి ఏముంది, మర్నాడు అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు కూడా. ఏ రోజూ మాట తెగలేదు. ఎనిమిది బురుజులూ ఎప్పుడూ భద్రమే. తిప్పన్న రోజూ సమయానికి తలపాగా తీసి భోజనానికి కూర్చున్నాడు. మనుషులు సగమయ్యాక ఆ కోటలో చీకూచింతా తగ్గిపోయాయంటే నమ్ముతారా? అట్లాగే ఉంది మరి.

శ్రావణమాసంలో రాజధాని నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చాడు. మనుషుల్ని తగ్గించినందువల్ల ఏమైనా లోటు కనిపిస్తోందా, లేక ఈ కోటనే పూర్తిగా మూసేయవచ్చా, చూసి రమ్మన్నారట. తిప్పన్న నలుగురినీ చాటుకు పిలిచాడు. "ఒరేయ్, ఇవాళొక్క పూట గండం గట్టెక్కాలి. బాగుందంటే మీరు నలుగురూ ఉంటారు. లేదంటే కోటకు తాళం వేసి మిమ్మల్నీ పంపేస్తారు. పెళ్లాం బిడ్డల ముఖాలు గుర్తుపెట్టుకోండి. మాట తెగనీయొద్దు" అన్నాడు. కోనప్పకు అప్పటికి పెళ్లై ఏడాది. భార్య నెల తప్పి ఉంది. మాట తెగనీయొద్దు అన్నది వాడి చెవుల్లో గింగురుమంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నం నుంచే ముసురు. పొద్దు గుంకేవేళకు గోడలు తడిసి నల్లగా ఉన్నాయి. తలుపులు మూసిన చప్పుడు వినపడింది. ద్వారం దగ్గర అధికారి గొడుగు కింద నిలబడి ఉన్నాడు, పక్కన తిప్పన్న. మస్తాను పలికాడు, రెండోదీ తానే పలికాడు. మూడూ నాలుగూ వినపడ్డాయి. కోనప్ప ఛాతీ నిండా గాలి పీల్చి ఐదోది పలికాడు, పుల్లన్న దగ్గుతో ఆరోది పలికాడు. తరవాత ఏడో బురుజు పలకాలి.

పలకలేదు.

కోనప్ప చెవులు రిక్కించాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మామకు మూడురోజులుగా గొంతు బొంగురు పోయింది కదా, పలికే ఉంటాడు, వానకు వినపడలేదేమో అనుకున్నాడు. ఎనిమిదో బురుజు చూడబోయి వానలో ఆలస్యమైందేమో, ఇప్పుడే వస్తాడేమో అనుకున్నాడు. ద్వారంవైపు చూశాడు. అధికారి గొడుగు పక్కకు వంచి తల పైకెత్తుతున్నాడు. తిప్పన్న ముఖం అంతదూరం నుంచి కనపడదు, అయినా కనపడినట్టే అనిపించింది. మూడు ఊపిరులు గడిచాయి. నాలుగోది తీసుకుని కోనప్ప, హంపన్న గొంతుతో, ఆ బొంగురుతో సహా పలికాడు.

"ఏడో బురుజు, హంపన్న, భద్రం!"

ఎంత బాగా పలికాడంటే, పలికాక తనకే అనుమానం వచ్చిందట, పలికింది తనా, మామేనా అని. వెంటనే మస్తాను ఎనిమిదోది అందుకున్నాడు. మాట చుట్టి వచ్చింది. అధికారి తల పంకించి, "ఎనిమిదిమంది పని నలుగురు చేస్తున్నారే! మునుపటి కిల్లేదారులు ఊరికే మేపారన్నమాట" అన్నాడు. తిప్పన్న తలపాగా తీశాడు. గండం గట్టెక్కింది.

తెల్లవారాక కోనప్ప రోజూలాగే ముంతలో అంబలి తీసుకుని ఏడో బురుజుకు వెళ్లాడు. నిన్న నీ పలుకు కూడా నేనే పలికాను, నాకు దండం పెట్టు మామా అని ఆటపట్టించాలని దారిలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. బురుజులో ఎవరూ లేరు. ఎనిమిదో బురుజుకు పోయే దారిలో, గోడ లోపలివైపు నాలుగు రాళ్లు ఊడి ఉన్నాయి. మనుషుల్ని తగ్గించినప్పుడే గోడ చూసుకునే ఉప్పరవాళ్లనూ మాన్పించారు. ఆ రాళ్ల కింద, రెండు నిలువుల లోతున ఉన్న మెట్టు మీద, హంపన్న పడి ఉన్నాడు. తొడ మీద బండ ఉంది. ఛాతీ కూడా నలిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ప్రాణం ఉంది.

మోసుకొచ్చి పడుకోబెట్టారు. కట్లు కట్టే మంగలి వైద్యుడు వచ్చి చూసి పెదవి విరిచాడు. "పడ్డ జాములోపల తెచ్చి ఉంటే కాలు పోయేది, మనిషి దక్కేవాడు. రాత్రంతా నెత్తురు పోయింది" అన్నాడు. కోనప్ప గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అందరూ బయటికి వెళ్లాక హంపన్న వేలితో రమ్మని పిలిచాడు. తిడతాడనుకున్నాడు కోనప్ప. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"పడ్డాక అరుస్తూనే ఉన్నానురా కోనా. గొంతు పెగల్లేదు, అయినా అరుస్తూనే ఉన్నా. మాట తెగుతుంది కదా, వస్తారులే అనుకున్నా." ఊపిరి కోసం ఆగాడు. "నీ పలుకు విన్నా. బాగా పలికావు. ఇంక ఎవరూ రారని, అరవడం మానేశా."

అంతే అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఏదో జరిగినది జరిగినట్టు చెప్పాడు, బురుజు మీద నిలబడి పలికినట్టే. మర్నాడు మధ్యాహ్నానికి పోయాడు.

తిప్పన్న కోనప్పను పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. "ఏడో బురుజు పలుకు నా చెవులతో విన్నాను కదరా" అన్నాడు. కోనప్ప తల వంచుకున్నాడు. తిప్పన్న ఇంకేమీ అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే రాయాలి, రాస్తే ఈ పలుకుల సంగతి మొత్తం మొదటి నుంచీ రాయాలి. అప్పుడు నలుగురి కొలువూ పోతుంది, ముగ్గురిది అనాలి ఇప్పుడు. ఆయన తాటాకు తీసి, గంటం పట్టి, హంపన్న చుట్టుపలుకు పలికిన తరవాత కాలు జారి పడ్డాడని రాశాడు. మొదటిసారి బంట్లకు ఆ ఉపాయం చెప్పిననాడు తల ఎత్తలేకపోయిన మనిషి, ఇప్పుడు వరస తప్పకుండా, చెయ్యి వణక్కుండా రాశాడు. రాసేది చూస్తూ నిలబడ్డ కోనప్పకు, హంపన్న చావుకంటే ఆ వణకని చెయ్యి చూస్తేనే ఎక్కువ భయం వేసిందట.

అధికారి రాజధానికి వెళ్లి నెమలిగుట్ట పద్ధతి భేషుగ్గా ఉందని చెప్పాడు. మరుసటి ఏడు మిగతా కోటల్లో కూడా మనుషుల్ని సగం చేశారు. అక్కడ కూడా సాయంత్రమయ్యేసరికి పలుకులు మాత్రం ఒక్కటీ తగ్గకుండా వినపడేవి. హంపన్న చోటు ఖాళీగానే ఉంచారు. కోనప్ప హంపన్న పోయిన నెలలోనే కొలువు వదిలేశాడు. ఏడో బురుజు హంపన్న పేరుతో రోజూ పలకమని వాడికే చెప్పారు మరి.

ఇది చెప్పి ఒజ్జగారు ఆగారు. చాటలో గింజలు తీసే చేతులు ఎప్పుడో ఆగిపోయాయి. ఓబుళపతి, "ఈ సంగతి మీరు ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు.

"ఇవాళ చెప్పాను నాయనా. నలభై నాలుగేళ్లు పట్టింది" అన్నారు ఒజ్జగారు. ఆయన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "హంపన్నకు ఒక కూతురు ఉండేది. తండ్రి పలికాకే పడ్డాడని నమ్మింది. అట్లాగే నమ్మి, అట్లాగే పోయింది. ఆ పిల్లకు కూడా చెప్పలేకపోయాను. వెధవ బతుకు!"

దళవాయి మెల్లగా నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి ఆ పత్రం తీసి ఒజ్జగారి ముందు పెట్టాడు. ఒజ్జగారు దానివైపు చూడలేదు.

"మనుషుల్ని తగ్గించడం తప్పంటారా?" అన్నాడు ఓబుళపతి.

"రాజు పని అది. నేను తప్పనను."

"తిప్పన్నగారు ఎదిరించి ఉండాల్సిందంటారా?"

"ఎదిరించాడు. మూడుసార్లు వెళ్లాడని చెప్పాను కదా. నీకంటే మంచివాడు."

ఓబుళపతి ముఖం కందిపోయింది. అయినా వదల్లేదు, వదిలే వీలు అతనికి లేదు. రేపటి కొలువు నెత్తి మీద కూర్చుని ఉంది. అతని గొంతులో కోపం, బాధ కలగలిసిపోయాయి. "మరి నన్నేం చేయమంటారు? మూడు కనుమలు ఖాళీ అని కొలువులో చెబితే ఊరూరా తెలిసిపోతుంది. జనం హడలిపోతారు. నా పదవి పోతుంది, పోనీ. రాజుగారు మనుషుల్ని ఇవ్వనంటే ఇవ్వనన్నారు. మనుషులే లేకుండా, ఒట్టి చేతులతో, నేనేం నిలబెట్టగలను ఒజ్జగారూ? మీరు చెప్పండి, దేనికైనా మనుషులు కావద్దా?"

ఒజ్జగారు అతని చేతిలోంచి చాట తీసుకుని పక్కన పెట్టారు.

"ఆ సాయంత్రం నేను నోరు మూసుకుని నిలబడి ఉండటానికి, ఎంతమంది బంట్లు కావాలి నాయనా?" అన్నారు.